అమెరికా పేషెంట్‌కు నాలుగు కోడ్‌లు, అనకాపల్లి పేషెంట్‌కు 'జ్వరం' ఒక్కటే

"అమ్మాయి ఏం చేస్తోంది?" అని అడిగితే "మెడికల్ కోడింగ్" అనే జవాబు ఇప్పుడు అనకాపల్లిలోనూ వినిపిస్తోంది. మైక్రోబయాలజీ, బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివిన పిల్లలు కొన్ని నెలలు కోచింగ్ తీసుకుని విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగాల్లో చేరుతున్నారు. కొన్ని కంపెనీల్లో ఇంటి నుంచే పనిచేసే వీలుంటుంది. అందుకే ముస్లిం కుటుంబాలు కూడా ఆడపిల్లలకు ఇది మంచి ఉద్యోగమే అనుకుంటున్నాయి.

ఆ పిల్లలు చేసే పని ఏమిటో ఇంట్లో పెద్దవాళ్లకు సరిగ్గా తెలియకపోవచ్చు. అమెరికాలో ఎక్కడో ఒక ఆసుపత్రిలో డెబ్బై ఏళ్ల షుగర్ పేషెంట్‌కు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందనుకుందాం. డాక్టర్ రాసిన రికార్డు చదివి, ఇన్‌ఫెక్షన్ ఎక్కడ వచ్చింది, ఏ సూక్ష్మజీవి వల్ల వచ్చింది, అది ఏ మందులకు లొంగడం లేదు, పేషెంట్‌కు ముందునుంచి ఏ జబ్బు ఉంది అన్నవాటికి విడివిడిగా అంకెలు వేయాలి. ఒక్కటి తప్పినా ఆ ఫైలు వెనక్కి వస్తుంది.

అదే వయసులో, అదే జబ్బుతో అనకాపల్లిలో ఒక నానీ మంచం పడితే ఆమె కాగితాల మీద చాలాసార్లు ఉండేది ఒకటి రెండు మాటలే. 'జ్వరం', 'యూరిన్ ఇన్‌ఫెక్షన్', పరిస్థితి చెయ్యి దాటితే 'గుండె ఆగింది'. ఏ క్రిమి వల్ల వచ్చిందో, ఏ మందు పనిచేయలేదో ఎక్కడా ఉండదు. ఈ తేడా ఉత్త కాగితాల గొడవ కాదు. తర్వాతి పేషెంట్‌కు డాక్టర్ ఏ మందు ఎంచుకోవాలనేది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంటి దొంగ

2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో హాస్టల్ పిల్లలు కలుషితాహారం తిని ప్రాణాలు పోగొట్టుకున్నారు. రాష్ట్రమంతా కదిలింది. కదలాల్సిందే. బయటి నుంచి వచ్చిన విషం ఒకేసారి చాలామందిని పడగొడితే అది వార్త అవుతుంది.

మన పేగుల్లోనే ఉండే బ్యాక్టీరియా మనిషిని పడగొడితే మాత్రం వార్త కాదు. పేగుల్లో కోట్లకు కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. అక్కడ ఉన్నంతవరకు అవి మేలే చేస్తాయి. కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి, చెడ్డ క్రిములకు చోటివ్వవు. 1885లో జర్మన్ పిల్లల డాక్టర్ థియోడర్ ఎషెరిక్ పసిపిల్లల మలంలో గుర్తించిన ఇ.కోలై అలాంటిదే. క్లెబ్సియెల్లా, ఎంటెరోకాకస్, బ్యాక్టీరాయిడ్స్ కూడా ఆ ఇంటివాళ్లే.

ఇవి ఉండాల్సిన చోటు దాటితేనే ప్రమాదం. మూత్రనాళంలోకి, రక్తంలోకి, పొట్ట లోపలి పొరల్లోకి చేరితే ఇవే ప్రాణాల మీదకు తెస్తాయి. ఒంట్లో బలం తగ్గినప్పుడు, దారి దొరికినప్పుడు దాడి చేస్తాయి కాబట్టి వీటి వల్ల వచ్చేవాటిని అవకాశవాద ఇన్‌ఫెక్షన్లు అంటారు. ఇంటిదొంగను పట్టుకోవడం కష్టమని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఎవరికి ఎక్కువ ముప్పు? షుగర్ అదుపులో లేనివాళ్లకు, మూత్రం పైపు వేసుకుని మంచంలో ఉన్న పెద్దవాళ్లకు, ప్రొస్టేట్ ఇబ్బందితో మూత్రం పూర్తిగా రానివాళ్లకు, డయాలసిస్ చేయించుకునేవాళ్లకు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు, చాలాకాలంగా స్టెరాయిడ్లు మింగుతున్నవాళ్లకు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు. అపెండిక్స్ పగిలినా పేగుకు చిల్లు పడినా లోపలి క్రిములు పొట్టంతా పాకుతాయి. ఇంకో రకం కూడా ఉంది. యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడితే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే మొండి క్రిమికి చోటు దొరుకుతుంది. మందు మొదలుపెట్టాక ఆగని విరేచనాలు పట్టుకుంటే దాన్ని అనుమానించాలి.

ఈ జాబితాలోని మనిషి లేని ఇల్లు అరుదు. షుగర్ ఉన్న అమ్మీ, పైపుతో ఉన్న నానా, ఆపరేషన్ అయి వచ్చిన మామూ ఏ కుటుంబంలోనైనా కనిపిస్తారు.

కోడ్ చెప్పే కథ

జబ్బులకు, మరణ కారణాలకు ప్రపంచమంతా ఒకే జాబితా ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన జాక్ బెర్టియోన్ 1893లో మరణ కారణాల జాబితాను అంతర్జాతీయ గణాంక సంస్థ ముందుంచారు. అదే పెరిగి పెరిగి ఐసీడీ అయింది. దాని పదో కూర్పును 1990లో ప్రపంచ దేశాలు ఆమోదించాయి. పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినా చాలా దేశాల్లో ఇంకా పదో కూర్పే నడుస్తోంది. అమెరికా దానికే తనకు కావలసినట్టు వివరాలు చేర్చుకుని వాడుతోంది. మన పిల్లలు నేర్చుకునేది ఆ అమెరికా కూర్పునే.

దాని పద్ధతి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌కు ఎన్39.0 అని వేస్తే సరిపోదు. కారణం ఇ.కోలై అయితే దాని పక్కన బి96.20 అని రాయాలి. క్లెబ్సియెల్లా అయితే బి96.1, ఎంటెరోకాకస్ అయితే బి95.2. ఆ క్రిమి మామూలు మందులను విరిచేసే ఎంజైమ్ తయారుచేసే రకమైతే జెడ్16.12 అని ఇంకో అంకె. షుగర్ ఉంటే దానికి వేరే అంకె. ఇ.కోలై రక్తంలోకి పాకి సెప్సిస్ అయితే ఎ41.51. 'అవకాశవాద ఇన్‌ఫెక్షన్' అనే పేరుతో మాత్రం ఒకే అంకె ఉండదు. క్రిమి ఏమిటి, ఒంటి బలహీనతకు కారణం ఏమిటి అన్నవి విడిగా రాస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక్కడ కోడర్‌కు సొంత తెలివి చూపించే హక్కు లేదు. ల్యాబ్ రిపోర్టులో ఇ.కోలై కనిపించినా, జబ్బుకు అదే కారణమని డాక్టర్ రాయకపోతే కోడ్ వేయకూడదు. డాక్టర్ 'యూరోసెప్సిస్' అని రాస్తే ఆ మాటకు అసలు కోడే లేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షనా, రక్తమంతా పాకిన సెప్సిసా తేల్చి చెప్పమని డాక్టర్‌నే తిరిగి అడగాలి. అనకాపల్లి నుంచి వెళ్లిన అమ్మాయి అడిగే ప్రశ్నకు అమెరికా డాక్టర్ జవాబు రాయాల్సి వస్తుందన్నమాట.

మరో సంగతి. ఆ ఇన్‌ఫెక్షన్ ఆసుపత్రికి వచ్చేటప్పటికే ఉందా, వచ్చాక అంటుకుందా అన్నది కూడా అక్కడ గుర్తు పెట్టాలి. మూత్రం పైపు వల్ల ఆసుపత్రిలోనే ఇన్‌ఫెక్షన్ వస్తే, దాని కోసం అదనపు డబ్బు ఇవ్వబోమని అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2008 అక్టోబర్ నుంచి నిబంధన పెట్టింది. ఒక చిన్న గుర్తు ఆసుపత్రిని జవాబు చెప్పేలా చేసింది.

అలాగని అమెరికా పద్ధతి అంతా పవిత్రమని కాదు. అక్కడి కోడింగ్ బిల్లుల కోసం నడుస్తుంది. ఎక్కువ డబ్బు వచ్చే కోడ్ వైపు మొగ్గే వ్యాపారం కూడా అక్కడ ఉంది. మనకు కావలసింది ఆ బిల్లుల యంత్రాంగం కాదు. జబ్బు పేరు, క్రిమి పేరు, పనిచేయని మందు పేరు రాసే అలవాటు వస్తే చాలు.

ఇక్కడ పేరు ఎందుకు రాయరు?

డాక్టర్లకు పట్టింపు లేదని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం. కారణాలు ఇంకా లోతుగా ఉన్నాయి.

మొదటిది, పేషెంట్ నడిచే దారి. జ్వరం రాగానే ముందు మెడికల్ షాపు, తర్వాత వీధిలోని ఆర్‌ఎంపీ, ఆ తర్వాత నర్సింగ్ హోమ్. అప్పటికీ తగ్గకపోతే విశాఖపట్నం కేజీహెచ్. ప్రతి మెట్టు మీదా ఒక ఇంజెక్షనో మాత్రో పడుతుంది. చివరికి కల్చర్ పరీక్ష చేయించేసరికి ఒంట్లో రెండు మూడు యాంటీబయాటిక్స్ ఉంటాయి. సీసాలో క్రిమి పెరగదు. రిపోర్టులో 'ఏమీ పెరగలేదు' అని వస్తుంది. క్రిమి లేదని కాదు, దాని జాడ చెరిగిపోయింది.

రెండోది, సమయం. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా పేషెంట్ తేరుకుంటే ఇంటికి వెళ్లిపోతాడు, పాడైతే పెద్దాసుపత్రికి వెళ్తాడు. రిపోర్టు వచ్చేసరికి తీసుకునేవాళ్లే ఉండరు. డిశ్చార్జ్ కాగితంలో అది ఎక్కదు.

మూడోది, లెక్కల తీరు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లోనూ అంకెలు ఉంటాయి. ఆ అంకెలు ఏ చికిత్సకు ఎంత ఇవ్వాలో తేల్చడానికి పుట్టినవి. పేదలకు ఆ పథకం చేసిన మేలు ఎవరూ కాదనలేరు. అయితే ప్యాకేజీ లెక్క వేరు, క్రిముల లెక్క వేరు. ఒకటి ఉంది కదా అని రెండోది ఉన్నట్టు కాదు.

రాయకపోతే ఏమవుతుంది?

లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రపంచ స్థాయి అంచనాల ప్రకారం 2019లో భారతదేశంలో ఐదు రకాల బ్యాక్టీరియా వల్ల సుమారు 6.8 లక్షల మంది చనిపోయారు. వాటిలో మొదటి స్థానం ఇ.కోలైది. ఒక్క దానివల్లే దాదాపు 1.57 లక్షల మరణాలు. మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా తీసిన ప్రాణాలు ఆ ఏడాది దేశంలో సుమారు 2.97 లక్షలు. ఇవన్నీ నమూనాల ఆధారంగా వేసిన అంచనాలు. మరణ పత్రాలు లెక్కపెట్టి తేల్చినవి కావు. ఎందుకంటే ఆ పత్రాలే మన దగ్గర సరిగ్గా లేవు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

మందులు ఎలా బలహీనపడుతున్నాయో చూస్తే ఇంకా భయం వేస్తుంది. ఐసీఎంఆర్ నివేదికల ప్రకారం ఇమిపెనెమ్ అనే పెద్ద మందుకు 2017లో ఇ.కోలై నమూనాల్లో సుమారు 81 శాతం లొంగేవి. 2023 నాటికి అది సుమారు 62 శాతానికి పడిపోయింది. క్లెబ్సియెల్లాలో అయితే 58 నుంచి 35 శాతానికి. ఇమిపెనెమ్ మెడికల్ షాపులో చీటీ చూపించి కొనుక్కునే మాత్ర కాదు. ఐసీయూలో మిగతావి పనిచేయనప్పుడు వాడే ఇంజెక్షన్.

ఈ లెక్కలు ఎక్కువగా పెద్ద పెద్ద బోధనాసుపత్రుల నుంచి వచ్చినవి. అక్కడికి చేరేది ముదిరిన కేసులే. అనకాపల్లిలో, నర్సీపట్నంలో, చోడవరంలో తొలిసారి జ్వరంతో వచ్చే పేషెంట్‌లో ఇ.కోలై ఏ మందుకు లొంగుతుందో అవి చెప్పలేవు. ఇక్కడి డాక్టర్‌కు ఇక్కడి లెక్క కావాలి. అది లేనప్పుడు ఆయన ముందు రెండే దారులు. చిన్న మందు ఇచ్చి చూడటం, లేదా అనుమానంతో మొదటే పెద్ద మందు ఎక్కించడం. మొదటిదానిలో పేషెంట్‌కు రిస్కు, రెండోదానిలో ఊరందరికీ నష్టం.

అనకాపల్లికి ఇది మరింత ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లా ఇప్పుడు మందుల తయారీ కేంద్రం. పరవాడలో ఫార్మాసిటీ, అచ్యుతాపురంలో సెజ్ ఉన్నాయి. నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. అక్కడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టే బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడిపోతుంది. ఇక్కడా అదే జరుగుతుందని ఇప్పుడే అనడం తప్పు. జరగడం లేదని రేపు నిరూపించాలన్నా, జరుగుతోందని ప్రశ్నించాలన్నా ఈరోజు ఆసుపత్రుల్లో క్రిముల లెక్క మొదలై ఉండాలి. పరిశ్రమ వచ్చిన పదేళ్లకు లెక్క మొదలుపెడితే ముందు ఎలా ఉండేదో చెప్పేవాళ్లు ఉండరు.

చట్టం ఇచ్చిన కాగితం

కేంద్రం 2025 నవంబర్‌లో యాంటీబయాటిక్ నిరోధకతపై రెండో జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. కేరళ 2024 నుంచి డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మే షాపులపై ప్రత్యేక తనిఖీలు నడుపుతోంది. దేశమంతటికీ వర్తించే షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 మార్చి నుంచే ఉంది. దాని ప్రకారం ముఖ్యమైన యాంటీబయాటిక్స్ అమ్మినప్పుడు డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, మందు, పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. చట్టాలకు కొదవ లేదు, అడిగేవాళ్లే తక్కువ.

కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సిన చట్టం ఇంకోటి ఉంది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా, అక్కడ ఎవరైనా చనిపోతే మరణ కారణ ధ్రువపత్రాన్ని ఉచితంగా రిజిస్ట్రార్‌కు పంపాలి. దాని నకలు దగ్గరి బంధువుకు ఇవ్వాలి.

మన ఇళ్లలో జనాజా ఆలస్యం చేయరు. అది మంచి సంప్రదాయం, మయ్యిత్‌కు ఇచ్చే గౌరవం. కాకపోతే ఆ తొందరలో ఆసుపత్రి నుంచి బయటపడటమే పనిగా పెట్టుకుని ఈ కాగితం సంగతి మర్చిపోతారు. గుస్ల్ ఏర్పాట్లు, ఖబర్ పనులు చూసేవాళ్లు చూస్తుండగా ఇంట్లో ఒకరు ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి నకలు అడిగితే జనాజా ఏమీ ఆలస్యం కాదు. అందులో 'గుండె ఆగింది' అని మాత్రమే ఉంటే కారణం అడగవచ్చు. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది. అది ఎందుకు ఆగిందన్నది వరుసగా రాయాలనే ఆ ఫారం తయారుచేశారు.

ఇంట్లో చేయగలిగినవి

చలితో వణుకు, జ్వరం, మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి, పెద్దవాళ్లలో ఉన్నట్టుండి మాట తడబడటం లేదా మగత కనిపిస్తే ఆలస్యం వద్దు. ఆసుపత్రిలో మొదటి యాంటీబయాటిక్ వేసేముందు కల్చర్ శాంపిల్ తీశారా అని ఒక్క మాట అడగండి. శాంపిల్ తీయడానికి కొన్ని నిమిషాలు చాలు. రిపోర్టు వచ్చేదాకా మందు ఆపమని మాత్రం ఎప్పుడూ పట్టుబట్టకండి. సెప్సిస్‌లో ప్రతి గంటా విలువైనదే.

ఎలాంటి బాధా లేకుండా మూత్రం పరీక్షలో క్రిమి కనిపించిందని మీ అంతట మీరు మందు కొనకండి. గర్భిణుల్లాంటి కొందరికి తప్ప అలాంటప్పుడు యాంటీబయాటిక్ సాధారణంగా అవసరం ఉండదు. ఇది డాక్టర్ తేల్చాలి. పోయిన నెల చీటీతో ఈ నెల మందు కొనడం, వదినకు రాసిన మాత్రలు ఆడపడుచుకు ఇవ్వడం మానాలి. మూత్రం సమస్య చెప్పుకోవడానికి ఆడవాళ్లు సిగ్గుపడి రోజులు గడిపేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ రోజులే ప్రమాదం. రంజాన్‌లో రోజా ఉండాలనుకునే షుగర్ పేషెంట్లు ముందుగానే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. జబ్బుపడినవాళ్లకు దీన్‌లోనే వెసులుబాటు ఉంది.

డిశ్చార్జ్ రోజున మూడు సంగతులు కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకోండి. ఇన్‌ఫెక్షన్ ఎక్కడ వచ్చింది, ఏ క్రిమి వల్ల వచ్చింది, ఏ మందుకు లొంగింది. కల్చర్ రిపోర్టు తర్వాత వస్తుందంటే వెళ్లి తెచ్చుకుని అదే ఫైలులో పెట్టండి. మరోసారి జబ్బు చేసినప్పుడు డాక్టర్‌కు ఆ ఒక్క కాగితం చాలా ఆసరా అవుతుంది.

జిల్లా స్థాయిలో అడగాల్సింది కూడా ఇంతే సాదాగా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలోనూ పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ వచ్చిన కల్చర్ ఫలితాలను, పేషెంట్ల పేర్లు లేకుండా, ఏడాదికోసారి ఒక పట్టికగా వేసి జిల్లాలోని డాక్టర్లందరికీ పంపాలి. దానికి కొత్త భవనాలు అక్కర్లేదు. అంకెలు వేయడం తెలిసిన మనుషులు కావాలి. ఆ మనుషులు ఈ ఊళ్లోనే తయారవుతున్నారు, రాత్రిపూట అమెరికా ఫైళ్లు చదువుతూ.

అంతవరకు మొహల్లాలోనే చేయగలిగింది ఒకటి ఉంది. మస్జిద్ కమిటీ పెద్దలు నెలకొక జుమా తర్వాత ఒక గంట కేటాయించి, కోడింగ్ తెలిసిన పిల్లలను కూర్చోబెడితే, ఇరుగుపొరుగువాళ్లు తమ ఇష్టంతో తెచ్చిన డిశ్చార్జ్ కాగితాలు చదివి ఏం రాశారో, ఏం రాయలేదో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పగలరు. ఆడవాళ్ల కాగితాలు అమ్మాయిలే చూడొచ్చు. చికిత్స గురించి మాత్రం ఒక్క మాటా చెప్పకూడదు, అది డాక్టర్ పని. మళ్లీ డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు ఏం అడగాలో ఒక చీటీ మీద రాసిస్తే చాలు.